విశాఖ అపార్టుమెంట్లలో పావురాలు: గింజ, గూడు, గుడ్డు

ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఏదైనా అపార్టుమెంటు వెనక్కి వెళ్ళి తలెత్తి చూడండి. నాలుగు బాల్కనీలకు వల ఉంటుంది, ఐదో బాల్కనీలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనకాల గూడు ఉంటుంది. వల కట్టించుకున్నవాళ్ళు పీడ విరగడైందనుకుంటారు. ఆ పావురాలు పక్కింటికి మారాయంతే. ఒక భవనం మీద ఎన్ని పావురాలు బతకాలో తేల్చేవి రెండే: చుట్టుపక్కల దొరికే గింజ, గూటికి దొరికే జానెడు చదును. ఈ రెండూ తగ్గించకుండా ఎన్ని తరిమినా ఆ చోటు మళ్ళీ నిండుతుంది.

గింజ సంగతి ముందు చూద్దాం. ఎదిగిన పావురం రోజుకు సుమారు 30 గ్రాములు తింటుంది. అంటే బీచ్ రోడ్డులో ఎవరైనా పుణ్యమని పోసే పది కిలోల జొన్నలు 300 పైచిలుకు పావురాలకు ఒక పూర్తి రోజు భోజనం. తిండి కోసం తిరిగే పని తప్పితే మిగిలిన పొద్దంతా గూటి పనే. చాలా పిట్టలు పిల్లలకు పురుగులు దొరికే కాలం చూసుకుని గుడ్లు పెడతాయి. పావురానికి ఆ ఇబ్బంది లేదు. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ గొంతు సంచిలో పాలలాంటి పదార్థం ఊరుతుంది, పిల్లలకు మొదటి రోజుల్లో అదే మేత. అందుకే గింజ ఉన్నంతకాలం ఏడాది పొడుగునా గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఒక జత పిల్లలు ఎగరకముందే పక్కనే ఇంకో రెండు గుడ్లు కనిపించడం మామూలే.

చంపితే తగ్గుతాయా అంటే, ఆ ప్రయోగం స్విట్జర్లాండులోని బాజిల్ నగరం చేసి చూసింది. 1961 నుంచి 1985 వరకూ దాదాపు లక్ష పావురాలను చంపారు. ఊళ్ళో ఉన్నవి మాత్రం 20,000 దగ్గరే నిలిచాయి. పెద్దవి పోయిన చోట తిండి మిగిలింది, ఆ తిండితో పిల్లలు ఎక్కువ బతికాయి. మేత వేయొద్దని జనానికి ఓపిగ్గా నచ్చజెప్పడం మొదలుపెట్టి, గూళ్ళలో గుడ్లు తీయడం దానికి తోడు చేసిన తరువాతే నాలుగైదేళ్ళలో సంఖ్య సగానికి పడింది.

మేత ఆపడం కూడా ఒక్కరోజులో చేయకూడదు. ముంబైలో 2025లో కబూతర్‌ఖానాలను, అంటే పావురాలకు మేత వేసే చోట్లను, ఉన్నపళంగా మూసినప్పుడు ఎంత గొడవైందో అందరం చూశాం. మేత వేసేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళకది భక్తి. వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడి, పది కిలోలు వేసేచోట వారం తరువాత ఏడు, ఆపై నాలుగు, రెండు, అలా నెల రోజుల్లో సున్నాకు తేవాలి. ఈలోగా గూళ్ళలో ఉన్న పిల్లలు ఎగిరిపోతాయి, పెద్దవి వేరే చోట్లు వెతుక్కుంటాయి. టెర్రస్ మీద ఆరబెట్టిన బియ్యం, మూతలేని చెత్త డబ్బా కూడా మేత కిందే లెక్క.

అమెరికాలో పార్కుల మీద పడే కెనడా పెద్దబాతుల విషయంలోనూ పద్ధతి ఇంతే: రొట్టె వేయడం మానిపించడం, గుడ్లకు మొక్కజొన్న నూనె పూసి తిరిగి గూట్లోనే పెట్టడం. నూనె పూస్తే పెంకులోని సన్నని రంధ్రాలు మూసుకుపోయి పిండం పెరగదు, తల్లి మాత్రం పొదుగుతూనే ఉంటుంది. ముందుగా గుడ్డును నీళ్ళలో వేసి చూస్తారు. తేలితే లోపల పిల్ల బాగా ఎదిగినట్టే, దాన్ని ముట్టుకోరు. కాకపోతే ఆ బాతు ఏడాదికి ఒక్కసారే పొదుగుతుంది కాబట్టి ఒక్క వసంతంలో పని అయిపోతుంది. మన పావురానికి అలా కుదరదు, ఏడాది పొడుగునా గూళ్ళు చూస్తూనే ఉండాలి.

గుడ్డు పని ఇలా చేయాలి. మొదటి గుడ్డు పెట్టిన రెండు రోజులకు రెండోది వస్తుంది. రెండూ వచ్చాక, నాలుగు రోజులు దాటకముందే తీసి, అదే సైజు చెక్క గుడ్లో ప్లాస్టర్ గుడ్లో పెట్టాలి. సుమారు నాలుగు సెంటీమీటర్ల పొడవు, మూడు సెంటీమీటర్ల మందం ఉంటే చాలు. అవి దొరక్కపోతే ఆ గుడ్లనే పది నిమిషాలు ఉడకబెట్టి, పూర్తిగా చల్లార్చి, పెన్సిల్‌తో గుర్తు పెట్టి తిరిగి ఉంచవచ్చు. ఊరికే తీసి పారేస్తే కొద్ది రోజుల్లోనే మళ్ళీ పెడుతుంది, అక్కడే అందరూ పొరపాటు పడతారు. డమ్మీ ఉంటే 18 రోజులూ, ఆపైన మరికొన్ని రోజులూ కూర్చుని వదిలేస్తుంది. మొబైల్ టార్చి వెలుగు గుడ్డు వెనక పెడితే లోపల ఎర్రని నరాలు కనిపిస్తున్నాయా, ఇక ఆలస్యమైనట్టే. పిల్లలు వచ్చేశాక చేయగలిగింది ఆగడం ఒక్కటే. పసుపు నూగుతో, ముఖం కన్నా పెద్ద ముక్కుతో ఉండే ఆ పిల్ల ఎగరడానికి నాలుగైదు వారాలు పడుతుంది. అది ఎగిరిన రోజే గూడు తీసేయాలి. వదిలేస్తే గూట్లోని పేలలాంటి సన్నపురుగులు తిండి లేక కిటికీ సందుల్లోంచి ఇంట్లోకి వస్తాయి.

గూడంటే మరీ పెద్ద కట్టడమేం కాదు. నాలుగు చీపురు పుల్లలు, ఒక కేబుల్ ముక్క, కట్టు తీగ, వాటిని పట్టి ఉంచే ఎండిన రెట్ట. అంతమాత్రానికి చోటు దొరక్కుండా చేయడమే అసలు పని. సజ్జా మీద మిగిలిపోయిన టైల్స్‌ను కనీసం 45 డిగ్రీల వాలులో సిమెంటుతో పెట్టిస్తే పావురం నిలవలేదు, 60 అయితే మరీ మంచిది. ముళ్ళ పట్టీలు వేస్తే ఆ ముళ్ళకే పుల్లలు ఇరికించి గూడు కడుతుంది. సీడీలు, ప్లాస్టిక్ గుడ్లగూబ నాలుగు రోజుల ముచ్చట. అల్ట్రాసోనిక్ పెట్టె కొనకండి, ఆ శబ్దం పావురాలకు వినపడదు. జిగురు, విషం జోలికి అసలే పోవద్దు. అది హింస, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద కేసు అవుతుంది, చచ్చిన పావురాన్ని తిన్న గద్దా కుక్కా కూడా పోతాయి.

వల కట్టిస్తే 50 మిల్లీమీటర్ల కన్ను చాలు. అంతకన్నా సన్నమైతే గాలి ఎక్కువ పడుతుంది, తుఫానుకు కొక్కేలతో సహా ఊడుతుంది. యూవీ తట్టుకునే నైలాన్ వల, అడుగుకో కొక్కెం, చుట్టూ స్టీలు తీగ. విశాఖలో వలకన్నా ముందు పోయేది కొక్కెం. ఉప్పుగాలికి జీఐ (జింకు పూత వేసిన ఇనుము) కొక్కేలు తుప్పు పట్టి గోడ మీద ఎర్రటి చారలు దిగుతాయి. బీచ్ వైపు భవనాలకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలే అడగండి, ధర ఎక్కువైనా. వల డోలు చర్మంలా బిగుతుగా ఉండాలి. వేలాడితే పావురం కాళ్ళు చిక్కుకుని చస్తుంది. ఏసీ దగ్గర రెండడుగుల జిప్పు పెట్టించండి, లేదంటే సర్వీసుకు వచ్చిన మెకానిక్ వల కోసి పోతాడు, మరుసటి వారం ఆ కోతలోంచే జత దూరుతుంది. డక్టు పైన కూడా వేయించాలి, దానికి అసోసియేషన్ ఖర్చు పెట్టాలి. బిగించే ముందు లోపల పిల్లలు లేవని టార్చి వేసి చూడటం మరవద్దు.

రెట్టను పొడిగా ఊడ్పించకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల జబ్బులకు దారి తీస్తుంది, ఊడ్చేది పనమ్మాయి అయినా సరే ఆమె ఊపిరితిత్తులూ ఊపిరితిత్తులే. ఎన్95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని, సబ్బునీళ్ళు మెల్లగా పోసి పదిహేను నిమిషాలు నాననివ్వాలి. రేకు ముక్కతో గీకి రెండు కవర్లలో కట్టాలి. కడిగాకే బ్లీచింగ్ నీళ్ళు. రెట్ట మీద నేరుగా బ్లీచింగ్ పోస్తే అందులోని అమ్మోనియాతో కలిసి ఘాటైన విషవాయువు వస్తుంది, యాసిడ్‌తో కలిపితే ఇంకా ప్రమాదం. ఏసీ దగ్గరైతే ముందు ఎంసీబీ దించండి.

పల్లెల్లో సంగతి వేరు. అక్కడ నష్టం పెసలు, మినుములు చల్లినప్పుడే. పావురం కోడిలా కాళ్ళతో మట్టి కెలకదు, పైన కనిపించిందే ఏరుకుంటుంది. కాబట్టి చల్లిన వెంటనే విత్తనం మట్టిలో కలిసేలా పైపైన దున్నితే సగం కాపాడినట్టే. తళుకు రిబ్బను పది పదిహేను రోజులు పనిచేస్తుంది, మొలక నిలదొక్కుకోవడానికి అదే సరిపోతుంది. ఆ తరువాత తీసేసి దాచుకుంటే వచ్చే పంటకు మళ్ళీ కొత్తగా బెదురుతాయి. అనకాపల్లి దగ్గరి కొండకర్ల ఆవ సరస్సులో దిగే వలస బాతుల మీద మాత్రం ఇవేవీ ప్రయోగించవద్దు. అవి శీతాకాలపు అతిథులు, చలి తగ్గగానే వెళ్ళిపోతాయి.