కిరాయి పత్రాల్లో దొరికిన మనిషి: రిచ్‌మండ్ ఆర్కైవ్‌లో నా అనుభవం

మేముండేది వర్జీనియాలో, రిచ్‌మండ్ దగ్గర. నాతో పనిచేసే నల్లజాతి పెద్దావిడ ఒకరు తన ముత్తాత తండ్రి ఎవరి దగ్గర బానిసగా ఉండేవాడో తెలుసుకోవాలని ఏళ్లుగా తపిస్తున్నారు. పాత చేతిరాతలు చదవడం నాకు అలవాటు కాబట్టి తోడు వెళ్లాను. ఇలా వెతికేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అందరికీ అడ్డుపడేది 1870. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల పేర్లు జనాభా లెక్కల్లోకి ఎక్కింది ఆ ఏడాదే. 1850, 1860 లెక్కల్లో బానిసలకు వేరే పట్టిక ఉండేది. యజమాని పేరు కింద వయసు, ఆడో మగో, ఒంటి రంగు రాసి వదిలేశారు. 1860లో ఒక్క వర్జీనియాలోనే 4,90,865 మంది బానిసలు. ఆ పట్టికలో వాళ్ల పేర్లు వెతికి లాభం లేదు.

మమ్మల్ని గట్టెక్కించింది 1866 నాటి రిజిస్టరు. బానిసల పెళ్లిళ్లు చట్టానికి చెల్లేవి కావు. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక, విముక్తి పొందిన బానిసలకు సాయపడే ప్రభుత్వ సంస్థ ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో వాళ్లు కాపురం చేస్తున్న జంటలను కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వారీగా నమోదు చేశారు. వయసు, పుట్టిన చోటు, చేసే పని, పిల్లల పేర్లతోపాటు చివరి యజమాని ఎవరో రాసే గడి కూడా అందులో ఉంది. అన్ని కౌంటీలవీ మిగల్లేదు. మిగిలినవాటిని లైబ్రరీ ఆఫ్ వర్జీనియా ఆన్‌లైన్లో పెట్టింది. ఆవిడ పూర్వీకుల కౌంటీది దొరికింది. అందులో ఆవిడ ముత్తాత తండ్రి కమ్మరి అని ఉంది, ఆయన యజమాని పేరూ ఉంది.

ఆ యజమాని ఇంటి కాగితాలు రిచ్‌మండ్‌లో పాత పత్రాలు భద్రపరిచే ఒక ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఐడీ చూపిస్తే రీడర్ కార్డు ఇచ్చారు. సంచులు, పెన్నులు లాకర్లో పెట్టాలి, పెన్సిల్‌తోనే రాసుకోవాలి, ఒకసారికి ఒక ఫోల్డరే తెరవాలి. ఇవేమీ కష్టం కాదు. కష్టమంతా కేటలాగుతోనే. యజమాని కొడుకులు ఏ రెజిమెంటులో (సైనిక దళంలో) చేరారు, ఎక్కడ పోరాడారు, తల్లికి ఏం రాశారు, అంతా వివరంగా ఉంది. బానిసల ఊసే లేదు. నా మాట వినండి, ఆ ఉత్తరాల జోలికి ముందు వెళ్లకండి. ‘రసీదులు’, ‘లెక్కలు’, ‘ఇతరములు’ అని రాసిన ఫోల్డర్లు తెప్పించుకోండి. వాళ్లకు బానిస అంటే ఆస్తి, అందుకే మనుషులు లెక్కల్లోనే దొరుకుతారు.

మాకు దొరికింది మూడు మడతలు పెట్టిన చిన్న కాగితం, తేదీ 1863 జనవరి 1. రిచ్‌మండ్‌లో కమ్మరి కొలిమి నడిపే ఒకతను ఫలానా ‘నీగ్రో’ను ఏడాదికి కిరాయికి తీసుకుంటున్నానని, బట్టలు, బూట్లు, టోపీ, కంబళి ఇస్తానని, క్రిస్మస్ నాటికి తిరిగి అప్పజెప్తానని రాసిచ్చాడు. మన ఊళ్లలో పాలేరును ఉగాది నుంచి ఉగాదికి కుదుర్చుకున్నట్టే అక్కడ జనవరి 1 నుంచి క్రిస్మస్ దాకా గడువు. కానీ అక్కడ కిరాయి సొమ్ము యజమానికే, పనిచేసినవాడికి కాదు. సరిగ్గా ఆ రోజే అధ్యక్షుడు లింకన్ చేసిన బానిసల విముక్తి ప్రకటన అమల్లోకి వచ్చింది. రిచ్‌మండ్‌ మాత్రం కాన్ఫెడరేట్ల, అంటే అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది బానిస రాష్ట్రాల రాజధాని, అక్కడ కిరాయిలు ఎప్పటిలాగే సాగాయి. యుద్ధం వల్ల గిరాకీ కూడా పెరిగింది. ఫిరంగులు పోతపోసే ట్రెడెగర్ ఇనుప కర్మాగారం కూడా బానిసలను కిరాయికి తెచ్చుకునేది.

పేరు ఒక్కటే ఉంది, ఇంటిపేరు లేదు. ఆయనేనని ప్రమాణం చేయలేను. కానీ పేరు, యజమాని, కమ్మరి పని, మూడూ కలిశాయి. ఆవిడ ఆ పేరును పైకి చదివి, మళ్లీ చదివారు.

అదే ఫోల్డర్లో ఒక దళారి ఉత్తరం కూడా ఉంది. రిచ్‌మండ్‌లో బానిసల వ్యాపారం జరిగే షాకో బాటమ్‌లో వేలంపాటలు బాగా సాగుతున్నాయని, ‘నంబర్ వన్’ (మేలురకం) మగవాళ్లకు ఇంత, ఆడపిల్లలకు ఇంత అని రేట్లు రాసి, వెంటనే ఉప్పు ధర సంగతి ఎత్తుకున్నాడు. నాకు కడుపులో దేవినట్టయింది. ఆ రోజుకు ఇక చాలు అనుకుని ఫోల్డరు తిరిగి ఇచ్చేశాం.

రిజిస్టరులో ఆయన భార్య పేరుకెదురుగా ఉన్న యజమాని వేరే. అంటే ఇద్దరూ వేర్వేరు ఇళ్లలో బానిసలు. ఆమె జాడ కోసం ఇప్పుడు ఆ రెండో ఇంటి కాగితాలు ఏ ఆర్కైవ్‌లో ఉన్నాయో వెతుకుతున్నాం.