ఆ ఏడు క్రిస్మస్‌కి వెళ్ళాను

"నీ పండక్కి నువ్వే వెళ్ళనంటే, నెల ముందు నుంచి సెలవు ఎందుకు అడిగావు?" అన్నారు సవ్తా. హీబ్రూలో సవ్తా అంటే అమ్మమ్మ. ఇజ్రాయెల్‌లో నేను చూసుకునే యూదు పెద్దావిడని అలాగే పిలిచేదాన్ని. 2023 డిసెంబరు 24, ఆదివారం పొద్దున్న. ఆవిడ కాళ్ళకి నూనె రాస్తూ, రాత్రి ఆరాధనకి వెళ్ళడం లేదు, మీ అమ్మాయిని రావద్దని చెప్పండి అన్నాను. దానికి ఆ గద్దింపు. "భయమా? మరి మీ దేవుడు ఎందుకు?"

నాకు కోపం వచ్చింది. నేను పిరికిదాన్నా? కోనసీమ నుంచి ఒక్కదాన్నే వచ్చి ముక్కూ మొహం తెలియని ఇంట్లో నాలుగేళ్ళుగా చేస్తున్నాను. అక్టోబరు 7న హమాస్ దాడి చేసి, యుద్ధం మొదలయ్యాక మావాళ్ళు కొందరు టికెట్ కొనుక్కుని వెళ్ళిపోయారు. అమ్మ రోజూ ఫోన్లో ఏడ్చినా నేను ఉండిపోయాను. అయితే అప్పు తీరలేదు కాబట్టి ఉండిపోయాను. దాన్ని విశ్వాసం అనలేను.

అంతకు రెండు వారాల ముందు వాళ్ళ హనుక్కా పండగ. ఎనిమిది రాత్రులు, రోజుకొకటి పెంచుకుంటూ కొవ్వొత్తులు పెడతారు. సవ్తా చెయ్యి వణుకుతుంది. నేను మణికట్టు పట్టుకుంటే ఆవిడ వెలిగించేవారు. ఒక రాత్రి అలా వెలిగించగానే రాకెట్లు వస్తున్నాయని సైరన్ మోగింది. టెల్ అవీవ్ పక్కనే మేముండే రమత్ గన్‌లో 90 సెకన్లు టైము. అంతలోనే మమాద్‌లోకి, అంటే ఇనుప తలుపున్న గదిలోకి, వెళ్ళిపోవాలి. వీల్‌చైర్ తిప్పుతూ మంటలు ఆర్పబోయాను. "వద్దు" అని నా చెయ్యి గట్టిగా పట్టేసుకున్నారు. పది నిమిషాల తర్వాత వచ్చి చూస్తే మైనం కారి కిటికీ గట్టు మీద గడ్డకట్టింది. మంటలు అలాగే ఉన్నాయి.

ఆవిడకేం, ఇది ఆవిడ దేశం, కూతురు పక్క వీధిలోనే ఉంటుంది, నాకేదైనా అయితే మా అమ్మకి ఎవరు చెబుతారు అని ఆ పూటంతా నాలో నేనే వాదించుకున్నాను. వంట చేస్తున్నా అదే ఆలోచన. అలా ఉండగానే 96 తుఫాను గుర్తొచ్చింది. నవంబరు 6. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. కొబ్బరి తోటలకి తోటలే పడిపోయాయి. మా చర్చి రేకులన్నీ ఎగిరిపోయాయి. నెలన్నర తర్వాత క్రిస్మస్‌కి అమ్మ నన్ను చీకటితోనే లేపి ఆ పైకప్పు లేని చర్చికే తీసుకెళ్ళింది. కొత్త బట్టల్లేవు, పోకుండల్లేవు. బైబిలు మీద మంచు పడుతుంటే పాస్టరుగారు తువ్వాలుతో తుడుచుకుంటూ చదివారు. గొర్రెల కాపరులతో దూత అన్న మొదటి మాట: భయపడకుడి. యేసు పుట్టిన ఆ రాత్రి, మెలకువగా ఉండి పని చేసుకునేవాళ్ళకే ఆ మాట చెప్పాడు. మాలాంటివాళ్ళకే కదా.

సాయంత్రం బస్సెక్కాను. దారంతా కడుపులో టెన్షన్ ఉంది. బస్సు ఆగిన చోటల్లా దాక్కోవడానికి ఏ గోడ ఉందా అని చూస్తూనే వెళ్ళాను.

టెల్ అవీవ్ సెంట్రల్ బస్ స్టేషన్ దగ్గర మా తెలుగువాళ్ళు అద్దెకు తీసుకున్న హాలు. అంతకుముందు ఏడు ఇదే రోజు అందరం కలిసి బెత్లెహేము వెళ్ళాం. ఈసారి వెళ్ళే దారి లేదు. అక్కడ చెట్టూ పెట్టలేదు, దీపాలూ పెట్టలేదు. ఒక చర్చిలో బాలయేసు బొమ్మని సిమెంటు పెళ్ళల మధ్య పడుకోబెట్టారని ఫోన్లో చూశాం. బందీల కోసం, గాజాలో పిల్లల కోసం ప్రార్థన చేస్తుంటే అందరం ఏడ్చాం. సగం కుర్చీలు ఖాళీ. సైరన్ మోగితే ఏ మెట్ల కిందికి పోవాలో ముందే చెప్పారు. తర్వాత పాటలు మొదలయ్యాయి. మొదటి పాటకి నా గొంతు పెగల్లేదు, రెండోదానికి వచ్చింది.

మధ్యలో అమ్మకి వీడియో కాల్ చేశాను. అక్కడ పదిన్నర. అమ్మ చీర కట్టుకుని అర్ధరాత్రి ఆరాధనకి తయారుగా ఉంది. ఫోను తిప్పి గోడ మీది నక్షత్రం చూపించాను. రెండున్నర నెలలుగా వచ్చెయ్యమ్మా అని తప్ప ఇంకో మాట అనని మనిషి, కాసేపు దాన్నే చూసింది.

"ఎవరు కట్టారే? కింది కొమ్ము వంకరగా ఉంది. దారం లాగి మళ్ళీ కట్టమను" అంది.