స్వామి తాగిన సగం

పోయిన శనివారం పొద్దున్నే దుర్గమ్మ దర్శనం చేసుకుని, అటునుంచి అటే విజయవాడ బస్టాండులో గుంటూరు బస్సెక్కి, అమ్మా నేనూ మంగళగిరిలో దిగాం. ఇంద్రకీలాద్రి మీద క్యూలో అమ్మ గొణుగుతూనే ఉంది, "ఇంతసేపు నిలబెట్టావేంటి తల్లీ, నా మోకాళ్ళ సంగతి నీకు తెలీదా" అని. నాన్నని ఏనాడూ నువ్వు అనని మనిషి. కరెంటు రీడింగుకొచ్చే కుర్రాడిని కూడా మీరు అంటుంది. దుర్గమ్మ మాత్రం నువ్వే.

మంగళగిరిలో కింది గుడి దగ్గర, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన 11 అంతస్తుల గాలిగోపురాన్ని మెడ నొప్పెట్టేదాకా చూసి, చెప్పులు విడిచి కొండెక్కాం. పైన పానకాల స్వామికి నిండు విగ్రహం ఉండదు, తెరిచిన నోరే. పూజారి గారు శంఖంతో పానకం పోస్తుంటే గుటకలేసినట్టు చప్పుడు. ఒకచోట ఆగిపోయింది. "చాలన్నారు స్వామి" అని మిగిలిన సగం మాకిచ్చేశారు.

లోపల మనలాంటి గొంతుందని ఎవరూ అనుకోరు, అయినా "తాగారు" అన్నప్పుడు అబద్ధమాడినట్టు ఎవరికీ ఉండదు. మా అమ్మకి ఎంగిలి పట్టింపు ఎంతంటే, ఇంట్లో ఎవరి పెదవైనా తగిలిన గ్లాసు కడిగేదాకా ముట్టుకోదు. అలాంటిది స్వామి తాగగా మిగిలింది దోసిట్లో పట్టి కళ్ళకద్దుకుని తాగేసింది! అంటే తాగడం అన్న మాటని స్వామిదాకా తీసుకెళ్ళాం గానీ, దాంతో రావాల్సిన ఎంగిలిని చెప్పులతోపాటు కిందే వదిలేశాం.

13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ పండితుడు ఈ చిక్కు గురించే రాశాడు. మనిషికి వాడే మాట దేవుడికి వాడితే అర్థం అచ్చంగా అదే కాదు, అలాగని బొత్తిగా సంబంధం లేనిదీ కాదంటాడు. ఒంటికీ మందుకీ కూడా ఆరోగ్యం అన్న మాట వాడతాం కదా, అలా అన్నమాట. మన తైత్తిరీయోపనిషత్తు ఇంకా కఠినం, మాటలు ఆయన్ని అందుకోలేక మనసుతో సహా వెనక్కి తిరిగొస్తాయంటుంది. మొత్తం తిరిగొస్తాయంటే నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. పైన చూసిన లెక్క ప్రకారం సగమే రావాలి.

ఇంత బెల్లం ఒలికినా ఆ కొండ మీద చీమ పట్టదంటారు, నాకూ ఒక్కటీ కనబడలేదు. ఇంటికొచ్చి చూస్తే సీసా కారి బ్యాగు నిండా చీమలు. దులపబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీరా, ప్రసాదం తింటున్నాయి."