చెన్ జావోపి తిరిగి వచ్చిన ఊరు

చైనాలోని హెనాన్ ప్రావిన్స్ రాజధాని జెంగ్‌జౌ నుంచి బయలుదేరి, పసుపు నది మీది వంతెన దాటి, ఏప్రిల్ నెల కావడంతో ఇంకా పచ్చగానే ఉన్న గోధుమ చేల మధ్య నుంచి వెన్ కౌంటీకి చేరుకున్నాను. అక్కడి చెన్‌జియాగోవ్ గ్రామమే తాయ్‌చీ అనే చైనా యుద్ధవిద్యకు పుట్టిల్లు. యాంగ్, వూ, సున్ వంటి ప్రసిద్ధ శాఖల గురుపరంపరను వెనక్కి వెతుక్కుంటూ వెళితే ఈ ఊరి చెన్ వంశం దగ్గరికే చేరుకుంటాం. 2020లో యునెస్కో ఈ విద్యను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చిన తరువాత సందర్శకుల దృష్టి మరింతగా ఇటు మళ్లింది. వచ్చేవారిలో చాలామంది పదిహేడో శతాబ్దంలో ఈ విద్యకు రూపమిచ్చాడని చెప్పే చెన్ వాంగ్‌టింగ్‌ను తలచుకుని వస్తారు. నేను మాత్రం ఆ వంశంలో పద్దెనిమిదో తరానికి చెందిన చెన్ జావోపి అనే గురువు కోసం వెళ్లాను.

జావోపి 1893లో పుట్టాడు. ఆ ఇళ్లలో పిల్లలకు తాయ్‌చీ నేర్పడమంటే ప్రత్యేకంగా బడిలో వేయడం కాదు. పొలం పని అయ్యాక పెద్దవాళ్లు ముంగిట్లో సాధన చేస్తుంటే పక్కన నిలబడి చేయడమే చదువు. ఆయన నేర్చుకున్న పెద్దల్లో చెన్ ఫాకే ఒకడు. వరసకు చిన్నాన్న అయినా వయసులో ఆరేళ్లే పెద్ద. 1928లో జావోపి బీజింగ్ వెళ్లి పాఠాలు చెప్పాడు. తరువాత నాన్‌జింగ్ నుంచి పిలుపు రావడంతో, తన స్థానంలోకి ఫాకేను బీజింగ్ రప్పించాడు. ఫాకే 1957లో మరణించేదాకా అక్కడే ఉండి పేరు తెచ్చుకున్నాడు. ఆ కీర్తి వెనుక జావోపి ఇచ్చిన అవకాశం ఉందన్న మాటను నేను గట్టిగా గుర్తు చేయదలచుకున్నాను.

జపాన్ సైన్యం నాన్‌జింగ్‌ను ఆక్రమించాక జావోపి ఆ నగరంలో ఉండలేకపోయాడు. తరువాత పసుపు నది నిర్వహణ చూసే ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం చేశాడు. 1958లో, అరవై అయిదేళ్ల వయసులో, ఊరికి వచ్చి చూస్తే గట్టిగా సాధన చేసే యువకులే కనిపించలేదు. పెద్దలు పోయారు, యుద్ధాలూ కరవులూ చాలామందిని చెదరగొట్టాయి. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఆయన ఊళ్లోనే ఉండిపోయి, డబ్బు తీసుకోకుండా పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. ఆ వెంటనే వచ్చిన మహాక్షామంలో దారుణంగా దెబ్బతిన్న ప్రావిన్స్‌లలో హెనాన్ ఒకటి. కడుపు నిండా తిండి లేని పిల్లల చేత మోకాళ్లు వంచి నిలబెట్టే సాధన చేయించడానికి గురువుకు ఎంత ఓర్పు, ఎంత దయ కావాలో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆయన శిష్యుల్లో నలుగురి పేర్లు ఈనాడు తాయ్‌చీ లోకమంతటికీ తెలుసు. ఫాకే మనవడైన చెన్ షియావోవాంగ్ 1945లో పుట్టాడు. 1960లో తండ్రిని పోగొట్టుకున్న ఆ కుర్రవాడికి దారి చూపిన పెద్దదిక్కు జావోపియే. 1949లో పుట్టిన చెన్ జెంగ్‌లే జావోపి సోదరుడి కొడుకు. మిగిలిన ఇద్దరు, వాంగ్ షియాన్, జూ తియాన్‌సాయ్, చెన్ ఇంటిపేరు ఉన్నవారు కారు. ఒకప్పుడు వంశం బయటివారికి సులువుగా దొరకని విద్య ఇది. పందొమ్మిదో శతాబ్దంలో హెబేయ్ నుంచి వచ్చిన యాంగ్ లూచాన్ దీన్ని చెన్ చాంగ్‌షింగ్ దగ్గర నేర్చుకున్నాడని చెప్పే ప్రాంగణాన్ని ఊళ్లో పునరుద్ధరించి ఉంచారు. అది చూసి బయటికి వస్తున్నప్పుడు, జావోపి ఇంటిపేరు అడ్డుపెట్టకుండా నేర్పడం ఎంత పెద్ద మార్పో నాకు తెలిసివచ్చింది.

1966లో మావో మొదలుపెట్టిన సాంస్కృతిక విప్లవ కాలంలో పాత విద్యలన్నీ నేరాలయ్యాయి. వృద్ధుడైన జావోపిని బహిరంగంగా అవమానించారు. శిష్యులు చీకటి పడ్డాక, ఎవరి కంటా పడకుండా సాధన చేశారు. 1972లో ఆయన మరణించాడు. ఆ తరువాత ఫాకే చిన్న కొడుకు చెన్ జావోకుయ్ బీజింగ్ నుంచి వచ్చి మిగిలిన పాఠం చెప్పాడు. అయితే ఆయన వచ్చేసరికి నేర్చుకోగల దేహాలను సిద్ధం చేసి ఉంచినవాడు జావోపి.

నేను కొద్దిరోజులు తరగతికి వెళ్లిన చిన్న పాఠశాలను నడిపే యువ గురువు కూడా ఆ కుటుంబాల వాడే. దుబాసీగా ఒక విద్యార్థిని సాయపడింది. మొదటి పాఠం కదలిక కాదు, నిలబడటం. చెట్టును కౌగిలించుకున్నట్లు చేతులు గుండ్రంగా ఉంచి, మోకాళ్లు కొద్దిగా వంచి నిలుచుంటే, ఆయన వెనుకనుంచి వచ్చి నడుము దిగువన అరచేతి మడమతో మెల్లగా కిందికి నొక్కాడు. రెండో చేతి వేళ్లతో నా మోచేయిని అంగుళం కిందికి దింపాడు. అంతే, అప్పటిదాకా భుజాల్లో ఉన్న బరువంతా తొడల్లోకి దిగి, కాళ్లు వణకసాగాయి. ఆయన చేయి తీయగానే నా దేహం మళ్లీ పాత వంకరలోకి జారింది. ఆయన విసుగు లేకుండా మళ్లీ సరిదిద్దాడు. పుస్తకంలో రాసిపెట్టలేని భాగం ఇదేనని అనిపించింది. మా అమలాపురంలో దసరాకు చెడీ తాలింఖానా అనే సాము విద్యను ప్రదర్శించే కుటుంబాల్లో కూడా కర్ర పట్టే పద్ధతి ఇలాగే పెద్దల చేతి నుంచి పిల్లల చేతికి వస్తుంది.

తరువాత పట్టుదారం తీసే సాధన నేర్పారు. పట్టుగూటి నుంచి దారం తెగకుండా లాగాలంటే వేగం ఎక్కడా మారకూడదు. అలాగే బలం పాదంలో పుట్టి, కాలి మీదుగా నడుము తిరుగుడుతో వేళ్ల చివరకు చేరాలి. పెద్ద కదలికల వరుసలో మెత్తగా సాగుతున్న దేహం ఒక్కసారిగా పాదంతో నేలను మోది, పిడికిలిని రెండో అరచేతిలో పడేసే ఘట్టం వస్తుంది. ఆ చప్పుడు విన్నాక ఇది కేవలం వృద్ధుల వ్యాయామమని ఎవరూ అనరు.

ఈ విద్య ఇప్పుడు జీవనోపాధి కూడా. షియావోవాంగ్ 1990లో ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడి నుంచి దేశదేశాల్లో నేర్పాడు. తమ్ముడు షియావోషింగ్ ఊళ్లో ఉండి పాఠశాల నడిపాడు. ఒకరు తిరగడం, ఒకరు ఇల్లు కనిపెట్టుకుని ఉండడం ఈ కుటుంబాల్లో నేటికీ ఉంది. మా యువ గురువు వేసవిలో శిక్షణ శిబిరాల కోసం ఐరోపా వెళ్తాడట. ఆ నెలల్లో పిల్లలకు పాఠం ఎవరు చెబుతారని అడిగితే, తన తండ్రే చెబుతాడని, ఆయన తనకన్నా కఠినంగా ఉంటాడు కాబట్టి తిరిగి వచ్చేసరికి పిల్లలు మరింత కిందికి వంగి నిలబడతారని అన్నాడు.