రీస్టార్ట్ అంటే మొరాయించిన కంప్యూటర్: నా అనుభవం

పదేళ్లు దాటిన మా ఇంటి డెస్క్‌టాప్ గత చలికాలంలో ఒక విచిత్రమైన పేచీ మొదలుపెట్టింది. షట్‌డౌన్ చేసి మళ్లీ బటన్ నొక్కితే లక్షణంగా వస్తుంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం రాదు. విండోస్ బుద్ధిగా మూతపడుతుంది, మదర్‌బోర్డు కంపెనీ లోగో ఒక్క క్షణం మెరుస్తుంది, ఆపైన నల్లటి తెర ఎడమ మూలన ఒక చిన్న గీత మిణుకుమంటూ ఉండిపోతుంది. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, లైట్లు వెలుగుతుంటాయి, పని మాత్రం ముందుకు సాగదు. పవర్ బటన్‌ను నాలుగైదు సెకన్లు నొక్కిపట్టి ఆపి, కాస్త ఆగి మళ్లీ వేస్తే ఏమీ జరగనట్టు తెరుచుకుంటుంది.

"అయితే రీస్టార్ట్ చేయడం మానేయరా, గొడవ ఉండదు" అన్నారు నాన్నగారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కానీ అప్‌డేట్లు వచ్చినప్పుడు రీస్టార్ట్ తప్పదు. అది సగంలో ఉండగా బటన్ నొక్కి ఆపితే, ఇప్పుడు వస్తున్నది కూడా రాకుండా పోవచ్చు.

వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడికి ఫోను చేస్తే లక్షణం పూర్తిగా వినకుండానే మందు చెప్పేశాడు: "విండోస్ పాడై ఉంటుంది సార్, ఫార్మాట్ చేసేద్దాం." ఈ ఫార్మాట్ వైద్యం మీద నాకు మొదటినుంచీ గురి లేదు. జబ్బేమిటో తెలియకుండా ఇచ్చే మందు అది. తగ్గితే ఎందుకు తగ్గిందో తెలియదు, తగ్గకపోతే నాన్నగారి పింఛను కాగితాలు, నమోదు చేసుకున్న పాస్‌వర్డులు, తెలుగు టైపింగ్ అమరికలు అన్నీ మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి.

మొదట నా అనుమానం ఫాస్ట్ స్టార్టప్ మీదకు పోయింది. చాలామంది రీస్టార్ట్ కంటే షట్‌డౌన్ శుభ్రమైనదని అనుకుంటారు. విండోస్ 8 వచ్చినప్పటినుంచీ సంగతి తలకిందులైంది. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్‌డౌన్ చేస్తే విండోస్ మన ప్రోగ్రాములను మూసి, తన లోపలి భాగాన్ని మాత్రం డిస్కులో దాచుకుంటుంది. చదివే పుస్తకంలో గుర్తు కోసం కాగితం పెట్టి మూసినట్టు, మర్నాడు అక్కడినుంచే అందుకుంటుంది. రీస్టార్ట్‌లో అలా కాదు, ప్రతిదీ మొదటినుంచి మొదలవుతుంది. నమ్మకం లేకపోతే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీలో, సీపీయూ కింద అప్‌టైమ్ చూడండి. రోజూ షట్‌డౌన్ చేసే కంప్యూటర్ కూడా రోజుల తరబడి నడుస్తున్నట్టు చూపిస్తుంది. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలోకి వెళ్లి దాన్ని తీసేశాను. షట్‌డౌన్ చేసి వేస్తే విండోస్ ఇప్పుడు మొదటినుంచే మొదలవుతోంది, ఇబ్బంది లేకుండా వస్తోంది కూడా. రీస్టార్ట్ మాత్రం పాత పాటే.

దారి చూపింది ఈవెంట్ వ్యూయర్. కంప్యూటర్‌లో ఎప్పుడేం జరిగిందో విండోస్ నంబర్లతో రాసిపెట్టుకునే చిట్టా అది. చాలామంది దాని జోలికి పోరు. పోయినవాళ్లు అందులోని ఎర్ర గుర్తులు చూసి భయపడి వచ్చేస్తారు. నిజానికి ఇలాంటి సమస్యకు కొన్ని నంబర్లు చూస్తే చాలు. రీస్టార్ట్ ఎవరు అడిగారో 1074 చెబుతుంది. విండోస్ పద్ధతిగా మూతపడిందని 6006, మళ్లీ లేచిందని 6005 చెబుతాయి. మధ్యలో కరెంటు పోయినా, మనిషి బటన్ నొక్కి ఆపినా 41, 6008 నమోదవుతాయి. నేను ఇరుక్కున్న ప్రతిసారీ బటన్ నొక్కే ఆపాను కదా, 41 ఉండాలి. లేదు. 1074, దాని వెంట 6006, తర్వాత నేరుగా 6005.

అంటే నేను బటన్ నొక్కేసరికే విండోస్ తన పని ముగించుకుని వెళ్లిపోయింది, మళ్లీ రావడం ఇంకా మొదలే కాలేదు. తగాదా అంతా ఆ రెండింటి మధ్య, బయోస్ చేతిలో, అంటే విండోస్ కంటే ముందు కంప్యూటర్‌ను లేపే బోర్డులోని చిన్న ప్రోగ్రాం చేతిలో, కంప్యూటర్ ఉండే కొద్ది క్షణాల్లో జరుగుతోంది. అక్కడ విండోస్ లేనే లేదు. లేనిదాన్ని ఫార్మాట్ చేసి ప్రయోజనమేమిటి?

ఇక బయోస్ దృష్టిలో షట్‌డౌన్‌కూ రీస్టార్ట్‌కూ తేడా ఏమిటన్నదే మిగిలిన ప్రశ్న. రీస్టార్ట్‌లో ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె, ఆగదు. కంప్యూటర్‌కు తగిలించి ఉన్న వస్తువులకు కరెంటు అందుతూనే ఉంటుంది, వాటిలో తిరిగేవి తిరుగుతూనే ఉంటాయి. కాబట్టి వెనకవైపున్న యూఎస్‌బీ తీగలన్నీ పీకేసి, కీబోర్డు, మౌస్ మాత్రం ఉంచి రీస్టార్ట్ చేశాను. వచ్చింది! ప్రింటర్ తగిలించి చూశాను, వచ్చింది. వైఫై డాంగిల్‌తోనూ వచ్చింది. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తగిలించగానే మళ్లీ అదే నల్ల తెర, అదే గీత.

ఆ డిస్కు అక్కడికి కొత్తగా వచ్చింది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ కబురు విన్నాక ఎందుకైనా మంచిదని నాన్నగారి ఫైళ్లకూ మనవళ్ల ఫొటోలకూ నకళ్లు తీయడం మొదలుపెట్టాం. అప్పటినుంచి అది వెనక పోర్టులోనే ఉంటోంది. ఒకప్పుడు ఏదో పాత కంప్యూటర్‌లో విండోస్ నడిపిన డిస్కు అది. యూఎస్‌బీ తీగతో తగిలించే డబ్బా కొని, అందులో పెట్టి దాన్ని బయటి డిస్కుగా మార్చారు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. డిస్కు తీసేస్తే పోయె. కానీ బూట్ ఆర్డర్‌లో, అంటే విండోస్ కోసం బయోస్ ఏ డిస్కును ముందు వెతకాలో చెప్పే వరసలో, మా విండోస్ ఉన్న లోపలి డిస్కు ఎస్‌ఎస్‌డీ మొదట ఉండాలి. అలా ఉంటే బయట ఏ డిస్కు ఉన్నా బయోస్ దానివైపు చూడకూడదు. ఎందుకు చూస్తోంది? లోగో కనబడగానే డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి వెళ్లాను. బూట్ ఆర్డర్‌లో మొదటి స్థానంలో యూఎస్‌బీ కూర్చుని ఉంది. కింద తేదీ చూస్తే 2014 జనవరి 1.

ఆ తేదీతో ఇంకో పాత చిక్కు కూడా విడిపోయింది. కొన్నాళ్లుగా పొద్దున్నే బ్యాంకు సైటు తెరిస్తే ఇది సురక్షితం కాదని బ్రౌజర్ అడ్డుపడేది, కాసేపాగి చూస్తే మామూలుగా తెరుచుకునేది. నెట్ వాళ్లదే తప్పనుకుంటూ వచ్చాం. అసలు సంగతి వేరు. సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్లకు గడువు తేదీలుంటాయి, కంప్యూటర్ తేదీ ఏళ్ల వెనక ఉంటే అవి చెల్లవు. నెట్ అందాక విండోస్ తేదీని సరిచేసుకోవడంతో అంతా సర్దుకునేది.

బోర్డు మీదుండే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోయింది. బయోస్ అమరికలనూ గడియారాన్నీ అది కాపాడుతుంది. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ దానికి పెద్దగా పని ఉండదు. మా అమ్మ రాత్రి పడుకునే ముందు గోడ దగ్గరి స్విచ్చులన్నీ ఆపేస్తుంది. "రాత్రంతా ఆ ఎర్ర లైటు ఎవరి కోసం రా వెలగడం?" అంటుంది. స్విచ్ ఆపగానే బయోస్ జ్ఞాపకమంతా ఆ బ్యాటరీ మీదే ఆధారపడుతుంది. అందులో సత్తువ లేకపోతే తెల్లారేసరికి అమరికలన్నీ కంపెనీ పెట్టినవే వచ్చేస్తాయి. ఈ బోర్డుకు కంపెనీ పెట్టిన వరసలో యూఎస్‌బీదే మొదటి స్థానం.

మరి షట్‌డౌన్ తర్వాత ఎలా వచ్చేది? డిస్కు ఆగి ఉన్నప్పుడు కంప్యూటర్ వేస్తే, లోపలి పళ్లెం వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అంతవరకు ఆగే ఓపిక బయోస్‌కు లేదు, అక్కడేమీ లేదనుకుని ఎస్‌ఎస్‌డీ వైపు వెళ్లేది. రీస్టార్ట్‌లో డిస్కు అప్పటికే తిరుగుతూ సిద్ధంగా దొరికేది. అందులో మిగిలిపోయిన పాత విండోస్ ఆనవాళ్లు చూసి, దానితోనే మొదలుపెట్టబోయి బయోస్ ఇరుక్కుపోయేది. ఎంత ముచ్చటైన తగువు!

బ్యాటరీ గడియారాల దుకాణంలో యాభై రూపాయల లోపే దొరికింది. పాతదాన్ని మల్టీమీటర్‌తో చూస్తే, మూడు వోల్టులు ఉండాల్సిన చోట రెండున్నర కూడా లేదు. మార్చడం కష్టం కాదు. ప్లగ్ తీసేసి, లోపల మిగిలిన కరెంటు పోయేలా పవర్ బటన్ ఒకసారి నొక్కి, పక్కనున్న చిన్న క్లిప్పును స్క్రూడ్రైవర్‌తో నెడితే బ్యాటరీ పైకి లేస్తుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టాలి. తర్వాత బయోస్‌లో తేదీ, సమయం, బూట్ ఆర్డర్ సరిచేశాను.

ఈ పని చేయబోయేవాళ్లకు రెండు జాగ్రత్తలు. బయోస్ అమరికలు ఇంకా చెరిగిపోకుండా ఉంటే, బ్యాటరీ తీసేముందు అన్ని పేజీలకూ ఫోనుతో ఫొటోలు తీసుకోండి. ముఖ్యంగా డిస్కుతో కంప్యూటర్ మాట్లాడే పద్ధతిని చెప్పే సాటా మోడ్ దగ్గర ఏహెచ్‌సీఐ అని ఉందో, ఇంకోటి ఉందో చూసుకోండి. అది మారితే విండోస్ నీలి తెర చూపించి ఆగిపోవచ్చు. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్న కంప్యూటరైతే, రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకున్నాకే బయోస్ జోలికి వెళ్లండి. ఆ తర్వాత ఆ 48 అంకెల కీ అడిగితే, అది ఇచ్చేదాకా లోపలికి రానివ్వదు.

డిస్కును ఇప్పుడు నకళ్లు తీసే రోజునే తగిలిస్తున్నాం. రీస్టార్ట్ భయంతో కాదు. ఎప్పుడూ తగిలించి ఉంచితే, కంప్యూటర్‌కు వైరస్ పట్టినా, పిడుగుపాటుకు కరెంటు పోటెత్తినా అసలూ నకలూ కలిసే పోతాయి. ఫార్మాట్ చేద్దామన్న కుర్రాడికి ఈవెంట్ వ్యూయర్ నంబర్లు చెప్పాను. అన్నీ ఫోనులో రాసుకుని, "41 లేకపోతే విండోస్ జోలికి పోనక్కర్లేదా సార్?" అని అడిగాడు. 6006 ఉందో లేదో కూడా చూడమన్నాను.