కడప బండల అరల్లో నా పుస్తకాలు: నా అనుభవం

గత ఏడాది వానాకాలంలో కడపలోని మా మిద్దె వెనుక గదిలో పుస్తకాల అలమరను గోడ నుంచి జరిపి చూస్తే, దాని వీపంతా చెదల మట్టితో నిండి ఉంది. కింది అరల్లోని పుస్తకాలు ఎదుటి నుంచి చక్కగానే కనిపించాయి గానీ, చేతిలోకి తీసుకుంటే అట్టల మధ్య మట్టి తప్ప కాగితం మిగలలేదు. నలభైకి పైగా పోయాయి. అచ్చు పుస్తకాలను మళ్లీ కొనుక్కోవచ్చు. వాటితోపాటు పోయిన ఎనిమిది నోటుపుస్తకాల్లో, 1876–78 నాటి ధాత కరువు గురించి తమ అవ్వతాతల నోట విన్నవాటిని మా పల్లె పెద్దలు చెప్పగా నేను రాసుకున్న మాటలున్నాయి. నేను రాస్తున్న నవలకు ఆధారం అవే. చెప్పినవారిలో ఇప్పుడు ఎవరూ లేరు.

ఇక చెక్క అలమర వద్దనుకుని, మా జిల్లా నల్లబండతోనే అరలు కట్టించాలని నిశ్చయించుకున్నాను. మేస్త్రి మొదటి రోజే నన్ను హెచ్చరించాడు: "బండను చెదలు తినవు సార్, గోడ మీద పాకి వస్తాయి." అందుకే పుస్తకాలను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదిలాము; మట్టి దారి కట్టడం మొదలైతే టార్చి వెలుగులో వెంటనే కనబడుతుంది. బరువు విషయంలో ఇంకా జాగ్రత్త పడవలసి వచ్చింది. చెక్క వంగి ముందుగా తెలియజేస్తుంది, బండ మాత్రం చెప్పకుండా విరుగుతుంది. కనుక రెండున్నర అడుగులకొక నిలువు బండ నిలబెట్టించాను. సిమెంటు తడి పూర్తిగా ఆరేవరకు, అంటే నెలకు పైగా, పుస్తకాలు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. తొందరపడి సర్ది ఉంటే బూజు పట్టేది.

సర్దడం కట్టడం కంటే కష్టమైంది. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచ్చే గ్రంథాలయాల దశాంశ పద్ధతిని అనుసరించబోతే, తెలుగు సాహిత్యమంతా 894.827 అనే ఒక్క అంకె కింద చేరి, నా గదిలో సగం పుస్తకాలు ఒకే కుప్పగా మిగిలాయి. నవల రాసేవాడికి కావలసింది ఆ క్రమం కాదని అప్పుడు అర్థమైంది. కుర్చీలోంచి లేవకుండా అందే అరలో కరువుకు సరిగ్గా ఏడాది ముందు, 1875లో, ఆంగ్లేయ అధికారి గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్‌ను (జిల్లా వివరాల గ్రంథాన్ని), దాని పక్కన పాతకాలపు ఊళ్ల చరిత్రలైన కైఫీయత్తులను, తర్వాత 1863లో మొదలైన కర్నూలు–కడప కాలువ గురించిన కాగితాలను, సి.పి. బ్రౌన్ తెలుగు నిఘంటువును పెట్టుకున్నాను. కవిత్వం, కథలు ఎదుటి గోడకు వెళ్లాయి. వాటి కోసం లేచి నడవడం నాకు ఇష్టమే.

బల్లను మాత్రం ఆరడుగుల పొడవున చేయించాను. ఈ ఊళ్లోనే బ్రౌన్ తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి ఒకే కావ్యపు పలు ప్రతులను వారిచేత పోల్పించాడు. మూడు పుస్తకాలు పక్కపక్కన తెరిచి ఉంచగలిగే బల్ల లేకుండా అటువంటి పని సాగదని నా నమ్మకం. కిటికీ ఉత్తరం వైపు ఉండటం వల్ల నలభై డిగ్రీలు దాటే వేసవిలో కూడా కాగితాల మీద నేరుగా ఎండ పెద్దగా పడదు.

పోయిన నోటుపుస్తకాలను ఆ బల్ల మీదే గుర్తున్నంతవరకు తిరిగి రాస్తున్నాను. ఆ పెద్దలు అన్న మాటేనని గట్టిగా చెప్పగలిగినదాన్ని నల్ల సిరాతోను, నా జ్ఞాపకం అల్లిందేమోనని అనుమానం కలిగినదాన్ని ఎర్ర సిరాతోను రాస్తున్నాను. మూడు పుస్తకాలు పూర్తయ్యాయి. వాటిలో ఎరుపే ఎక్కువ.