మెర్రీమేకర్ టైటిల్: హాలీని ముందే దాచుకోండి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆన్‌లైన్ గేమ్‌లో వింటర్ వీల్ పండగ డిసెంబర్ 16న మొదలై జనవరి 2న ముగుస్తుంది. ఈ పండగ సవాళ్లు పూర్తి చేస్తే మన పాత్రకు 'మెర్రీమేకర్' బిరుదు వస్తుంది. వాటిలో వంటలు సులువే: జింజర్‌బ్రెడ్ కుకీకి ఒక స్మాల్ ఎగ్, ఒక హాలిడే స్పైసెస్ చాలు. స్పైసెస్ స్మోకీవుడ్ పాశ్చర్స్ అంగళ్లలో దొరుకుతాయి. గుడ్లు మాత్రం ముందే పోగేసుకోండి, పండగ వేళ గేమ్‌లోని వేలంలో ధర కొండెక్కుతుంది.

అసలు చిక్కు గేమ్‌లోని ఓగ్రిలా అనే చోట. 'బాంబ్ దెమ్ అగైన్!' క్వెస్ట్‌ను ఎగిరే రెయిన్‌డీర్ మీద ఉండి పూర్తి చేయాలి, అందుకు మనం ఎక్కే ఎగిరే వాహనాన్ని రెయిన్‌డీర్‌గా మార్చే ప్రిజర్వ్‌డ్ హాలీ కావాలి. సత్రాల్లోని వింటర్ రెవెలర్ అనే పాత్రను ఎంచుకుని చాట్‌లో /kiss (ముద్దు) కొడితే హాలీ, మిసిల్‌టో, స్నోఫ్లేక్స్‌లో ఏదో ఒకటి వస్తుంది. ఏది వస్తుందో మన చేతిలో లేదు, మళ్లీ ప్రయత్నించాలంటే గంట ఆగాలి. అందుకే మొదటి రోజు నుంచే ముద్దులు మొదలుపెట్టండి. ఓగ్రిలా క్వెస్టుల వరుస ముందే పూర్తి కాకపోతే ఆ బాంబుల క్వెస్ట్ అసలు కనిపించదు.

చెట్టు కింద కానుకలు డిసెంబర్ 25 నుంచే తెరుచుకుంటాయి.